నేల గుర్తుపట్టని నడక

1వ రోజు

ఈ చిట్టా రాయడం వీసా షరతట. పిల్లల ఆధారం మీద వచ్చిన పెద్దవాళ్లందరూ ఎలా ఉన్నారో, ఏం చేశారో సొంత చేత్తో రాసి పెట్టాలట. నౌపడా బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తర్వాత యాభై ఏళ్లు ఉప్పు మడుల్లోనే గడిచిపోయాయి. అంచేత తప్పులుంటే చదివే ఆఫీసరు గారు సర్దుకోవాలి. రాయడానికి మాత్రం లోటు చెయ్యను. నా సంతోషానికి ఈ కాయితాలు చాలితే గొప్పే!

నా పేరు బమ్మిడి సింహాద్రి. వయసు డెబ్బై ఒకటి. ఈ వెల్మార్ నగరాన్ని నడిపే చుక్కాని గదిలో నా కూతురు యశోద పనిచేస్తోంది. అవును, నగరాన్ని నడపడమే. ఇది ఉత్తర సముద్రం మీద తేలే ఊరు. ఎండాకాలం పైకి, చలికాలం కిందికి, నలభై వేల మందిని మోసుకుంటూ తిరుగుతుంది. తిప్పేవాళ్లలో ఒకతె నా బిడ్డ! ఓడ దిగుతూనే ఆ మాట రేవులో ముగ్గురికి చెప్పాను. వాళ్లకి తెలుగు రాదు. అయినా తల ఊపారు.

ఇక్కడ తాళాలూ లేవు, కార్డులూ లేవు. నేలే మనిషిని గుర్తుపడుతుంది. అడుగు ఎలా పడుతోందో, బరువు ఎటు వాలుతోందో చూసుకుని తలుపులు తీస్తుంది. అందుకని దిగిన ప్రతివాణ్నీ కౌంటర్ దగ్గర ఒక గీత నుంచి ఇంకో గీత దాకా నడిపించి, ఆ నడకని నమోదు చేసుకుంటారు.

"నాన్నా, మామూలుగా నడిసీ. అంతే" అని యశోద ఫోన్‌లో పదిసార్లు చెప్పింది.

నడిచాను. అద్దం వెనక యూనిఫాం వేసుకుని వెర్నా అనే ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాను. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకున్నాను. చేతులు ముందు కట్టుకుని, నడుం వంచి, అడుగు చప్పుడు కాకుండా వెళ్లాను. ఆఫీసు ముందు ఎలా నడవాలో నాకు తెలియదా? పచ్చదీపం వెలిగింది. నా ముందు వాళ్లని రెండేసి సార్లు నడిపించారు, నాకు ఒక్కసారికే అయిపోయింది!

6వ రోజు

అంతా బాగుంది. ఎంత బాగుందంటే, కుళాయి తిప్పినప్పుడల్లా నవ్వొస్తోంది. సముద్రం నీళ్లలోంచి ఉప్పు తీసేసి తాగే నీళ్లు చేసుకుంటారు. మరి ఆ ఉప్పు? తిరిగి సముద్రంలో పారేస్తారు! యాభై ఏళ్లు ఆ ఉప్పు కోసమే ఎండలో మాడినవాణ్ని. 

మాది ఏడో అంతస్తు. విదేశీయుల వరండా. చెవిలో పెట్టుకోమని ఒక పూస ఇచ్చారు, ఎవరు ఏ భాషలో మాట్లాడినా తెలుగులో చెబుతుంది. అదీ రేడియోలో వార్తలు చదివేవాడి తెలుగు. పక్కింటి తెరెసా చేపల పులుసు తెచ్చి ఏదో గబగబా అంటే, "దయచేసి వేడిగా ఉండగానే స్వీకరించగలరు" అని వినిపించింది.

వరండాలు నున్నగా అద్దంలా ఉన్నాయి. చెప్పులేసుకుని నడవడానికి మనసొప్పక చంకలోనే పెట్టుకుని, జారుతానేమోనని వంగి వంగి తిరుగుతున్నాను. ప్రతి తలుపూ నన్ను చూసి తెరుచుకుంటోంది.

ఇళ్లలో మాత్రం నేలకి కళ్లు లేవు. పొద్దున్నే ఐదింటికి లేచి హాల్లో అరగంట తొక్కుతాను. ఇది నా పాత అలవాటు. ఉప్పునీరు పెట్టేముందు మడి గట్టిపడాలంటే కాళ్లతో తొక్కాలి. మడమ ముందు, తర్వాత పాదం మొత్తం, నడుం నిటారుగా, వరసగా. ఆ పని చెయ్యకపోతే నా కాళ్లకి తెల్లవారదు. నాలుగో రోజు నుంచి కింది ఇంటాయన కర్రతో పైకప్పు పొడుస్తున్నాడు.

"నాన్నా, మెల్లగా! కిందున్నది ఎవరనుకున్నావు? ఓస్తెన్ గారు. పెద్ద చుక్కానిదారు. మా గదికి ఆయనే పెద్ద" అంది యశోద.

"మంచిదే కదేటి. పెద్ద ఉద్యోగస్తుడు పొద్దున్నే లెగాల."

"చూపు తగ్గిపోయి దిగిపోతున్నారు నాన్నా ఆయన. చెవులు మాత్రం పాము చెవులే."

"అలాగైతే నా తొక్కుడు బాగా ఇనబడతాది" అన్నాను. యశోద నెత్తి కొట్టుకుంది.

19వ రోజు

ఈ రోజు రాసే అక్షరాలు వంకర పోతే పోనీండి.

ఓస్తెన్ గారి తర్వాత చుక్కాని నా బిడ్డకేనట! పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లలో ఇదే మొదలట. ఇంకా నలభై రోజులుంది. ఇక్కడ ఒక ఆచారం ఉంది. చుక్కాని అందుకునేవాళ్లకి ముందు, వాళ్లని పెంచినవాళ్లు చుక్కాని గది తలుపు దాకా నలభై అడుగులు నడవాలి. ఆ తలుపు దగ్గర పాతాయన పుస్తకం పట్టుకుని నిలబడతాడు. నగరం ఎటు పోతోందో, ఊరి లోపల ఎవరున్నారో ఆ పుస్తకంలో రాసిందే చివరి మాట. దాని తర్వాతే ఎవరి మాటైనా, నేల మాటైనా.

"నలభై అడుగులు నువ్వే నడవాలి నాన్నా" అంది యశోద. ఆ మాటకి నా కాళ్లు ఇంట్లో నిలవలేదు. నా ఆడది నీలమ్మ బతికుంటే ఊరంతా బూరెలు పంచేది. సర్లే, ఇక్కడ రొట్టె పంచుదామని బయల్దేరాను. చెప్పులేసుకున్నాను. తువ్వాలు భుజం మీద వేసుకున్నాను. గుండె విరుచుకుని, చేతులూపుకుంటూ, మడి తొక్కినట్టు తపతపలాడుతూ వెళ్లాను.

రొట్టె దుకాణం తలుపు తెరుచుకోలేదు. ఎర్రదీపం వెలిగింది. "గుర్తు తెలియని వ్యక్తి" అని చెవిపూస పలికింది.

వెనక్కి తిరిగి చూశాను, ఎవరి గురించా అని.

22వ రోజు

వెర్నా ఆఫీసుకి పిలిచింది. సంగతి ఇది: నా నడక నమోదుతో సరిపోవడం లేదు. ఏడాదిలో మూడు ఎర్రలు పడితే వీసా రద్దు, మర్నాటి ఓడకి ఇంటికి.

"మీ నడక చూపిస్తాను" అని గోడ మీద బొమ్మ వేసింది. ఒక ముసలాడు. నడుం విల్లులా వంగింది, చంకలో చెప్పులు, చూపు నేల మీద. నడవడం కాదది, పాకడం.

"పాపం, ఎవరీ ముసలోడు?" అన్నాను.

"మీరే" అంది.

చంకలో చెప్పులు నావే. తర్వాత అడిగాను, ఇది చెరిపేసి ఇంకోటి రాసుకోమని. కుదరదట. నమోదు చెరిపితే వీసా కూడా చెరిగిపోతుంది. ఊరికెళ్లి మళ్లీ వరసలో నిలబడాలి, మూడేళ్లు పడుతుంది. "చాలా సులభం, సింహాద్రి గారూ. ఆ రోజు ఎలా నడిచారో అలాగే నడవండి" అంది. మంచిగానే చెప్పింది. ఆ మంచితనానికే నాకు మండింది.

ఆ మంటతో విసవిసా బయటికి నడిచాను. ఆఫీసు గుమ్మం దాటకుండానే రెండో ఎర్ర పడింది.

యశోదకి చెప్పలేదు. నెల రోజుల పాటు చుక్కాని గదిలోనే పడుకుని పని నేర్చుకుంటోంది. ఫోన్‌లో ఎలా ఉన్నావని అడిగితే, "అంతా బాగుంది తల్లీ" అన్నాను. నలభై అడుగులు నడవాలంటే ఇంకో ఎర్ర పడకూడదు. వంగితే పోయేదేముంది అనుకున్నాను.

31వ రోజు

పోయేది నడుం. రాత్రికి వెన్ను నిప్పులా అవుతోంది. అయినా రాస్తాను, ఎందుకంటే ఇది వీసావాళ్లు చదవాలి.

వంగి నడిస్తే లోకం వేరేగా కనిపిస్తుంది. అందరి కాళ్లే కనిపిస్తాయి. అలా కనిపించాకే మా వరండా సంగతి తెలిసింది. తెరెసా ఇంట్లో చేతికర్ర పట్టుకుని కుంటుతుంది. గుమ్మం దాటగానే కర్ర లోపల పెట్టేసి, పళ్లు బిగించి, పడుచుపిల్లలా చకచకా నడుస్తుంది. కుంటితే పంపేస్తారని కౌంటర్ దగ్గర అలా నడిచిందట. ఇప్పుడు నేలకి ఆ నడకే తెలుసు. మోకాలు చెంబులా వాచింది.

ఎదురింటి ఇద్రిస్ కథ వింటే మరీ, నవ్వుతో కడుపు నొప్పే. దిగిన రోజు కుడిచేతిలో ట్రంకు పెట్టె ఉంది. కింద పెట్టమని ఎవరూ చెప్పలేదు, ఇతగాడికీ అడగడానికి భయం. పెట్టెతోనే నడిచాడు. పదకొండేళ్లుగా ఎక్కడికెళ్లినా కుడిచేతిలో ఇటుకలున్న బకెట్టు పట్టుకుని తిరుగుతున్నాడు!

"పెళ్లికి కూడానా?" అని అడిగాను.

"నా పెళ్లికి కూడా" అన్నాడు. "ఫొటోలో ఉంది. మా ఆవిడ దాని నిండా పూలు పెట్టించింది."

పగలబడి నవ్వుకున్నాం ఇద్దరం. నవ్వి నవ్వి, ఎందుకో ఆగిపోయాం. ఈ వరండాలో ఎవరిదీ సొంత నడక కాదు. అందరూ కౌంటర్ దగ్గర పుట్టిన భయాన్నే ఏళ్ల తరబడి నడుపుకుంటున్నారు.

మంచు కమ్మిన పొద్దున మడుల్లో పదిమంది నడుస్తున్నా, నా అడుగు ఏదో నీలమ్మ గట్టు మీంచే చెప్పేసేది. ఇప్పుడు వింటే, ఎవరో పరాయివాడనుకుని చెంగు సర్దుకుంటుంది.

పొద్దున్నే ఇంట్లో తొక్కడం మాత్రం మానలేదు. ఆ అరగంటే నేను నేనుగా ఉండేది. కింద కర్ర కూడా మానలేదు.

44వ రోజు

యశోద చూసేసింది.

చెప్పకుండా ఇంటికొచ్చింది. వరండా ఆ చివర తను, ఈ చివర చంకలో చెప్పులతో, చేతిలో కూరల సంచితో నేను. తల ఎత్తితే ఎర్ర పడుతుందేమోనని భయంతో బిడ్డని చూసి కూడా తల ఎత్తలేదు. తన కాళ్ల దాకా వచ్చి, "ఎప్పుడొచ్చావమ్మా?" అని నేలని అడిగాను.

ఇంట్లోకొచ్చి తలుపు మూసుకున్నాక యశోద నా మీద పడింది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఎన్నాళ్లేటమ్మా, సరదాకి..."

"నాన్నా!"

చెప్పేశాను. ఎర్రలు రెండూ, వెర్నా మాట, అంతా. అది గోడకి ఆనుకుని నిలబడింది. కళ్లలో నీళ్లు, గొంతులో కోపం. చిన్నప్పుడూ అంతే.

"నువ్వు ఇలగ నడిసింది నేను ఒకేసారి చూశాను. నాకు తొమ్మిదేళ్లు. బడిలో చేరడానికి నా సర్టిఫికెట్టు కావాలని తాసీల్దారు ఆఫీసుకి తీసుకెళ్లావు. గుర్తుందా? గేటు దగ్గర చెప్పులిప్పీసి చంకలో పెట్టుకున్నావు. మడిలో ఏనుగులా నడిసే మా నాన్న పిల్లిలా అయిపోనాడు. నన్ను కూడా చెప్పులిప్పమన్నావు."

"ఆఫీసు కదమ్మా..."

"ఆ రోజే అనుకున్నాను. నువ్వు అలగ నడవక్కర్లేని చోటు ఎక్కడో ఉంటాది, వెతుక్కుని నిన్ను తీసుకెళ్లాల అని. సముద్రం మధ్యకి తీసుకొచ్చాను. ఇక్కడ కూడా అలాగే నడుస్తున్నావు."

నేను కూరల సంచి కింద పెట్టాను.

"నువ్వు వంగి నడిస్తే నేను నీ వెనక రాను. చుక్కాని ముట్టను. వాళ్లకి నచ్చినోళ్లకి ఇచ్చుకోమను."

"ఓలమ్మా, పిచ్చిదానా! నిటారుగా నడిస్తే ఎర్ర పడతాది. మూడోది. తెల్లారితే ఓడెక్కించీస్తారు. నిన్ను చూసేది ఎప్పుడు మళ్లీ?"

"అయితే నేనూ ఎక్కుతాను."

ఇది ఎవరి కూతురో నాకు అప్పుడు బాగా అర్థమైంది. చెబితే సిగ్గుచేటు గానీ, వీపు అంత మండుతున్నా ఆనందంతో ఒళ్లు పులకరించింది.

58వ రోజు

రేపే. పొద్దున పదకొండుకి సముద్రానికి పోటు మొదలవుతుంది. ఆ వేళకి చుక్కాని చేతులు మారి, నగరం దక్షిణానికి తిరగాలి.

చదివే ఆఫీసరు గారికి ముందే రాసి పెడుతున్నాను. దొంగతనంగా చేసే పని కాదు ఇది. రేపు నేను చెప్పులేసుకుని నడుస్తాను. తువ్వాలు భుజం మీదే ఉంటుంది. మీ దీపం ఎరుపైనా, పసుపైనా, దానిష్టం.

తెరెసాకి చెబితే, "మీకు మతి చలించినట్లు తోస్తోంది" అంది చెవిపూస. ఆవిడ అసలు ఏ తిట్టు తిట్టిందో.

"మాయదారి పూస!" అన్నాను. "మీరూ, ఇద్రిసూ రండి ఇద్దరూ. నన్ను సాగనంపినట్టైనా ఉంటాది."

పెట్టె సర్దుకున్నాను. నాలుగు బట్టలు, నీలమ్మ ఫొటో. పెట్టె అడుగున ఓ చారెడు ఉప్పు ఉంది, మా మడిది. అది మాత్రం తీసి యశోద వంటింట్లో పెట్టాను.

59వ రోజు

వరసగా రాస్తాను. కంగారు పడకూడదు.

చుక్కాని గది నగరంలోకెల్లా పాత భాగం. నేలకి కళ్లు రాకముందు కట్టిందట. దాని తలుపు మాత్రం చెక్కది, లోపల గొళ్లెం ఉంటుంది. ఆ ముందు నలభై అడుగుల పొడుగు డెక్కుకి తర్వాత కళ్లు పెట్టారు. రెండు పక్కలా జనం. గీత దగ్గర వెర్నా. నా వెనక యశోద, నల్ల కోటు వేసుకుని. ఎంత బాగుందో!

గంట కొట్టారు. నడిచాను.

మడమ ముందు, పాదం తర్వాత. నడుం నిటారుగా. తప్, తప్, తప్. పదో అడుగుకి ఎర్రదీపం వెలిగింది. గంట మోగడం మొదలుపెట్టింది. జనంలో గుసగుసలు. వెర్నా గబగబా వచ్చి నా పక్కన నిలబడి, చిన్నగా అంది.

"సింహాద్రి గారూ, దయచేసి వినండి. వెనక్కి వెళ్లి కౌంటర్ దగ్గర నడిచినట్లు ఒక్కసారి నడవండి. నలభై అడుగులే. ఈ ఎర్రని నేను రాయను. మీరు ఉండిపోవచ్చు."

అబద్ధం ఎందుకు, మనసు ఊగింది. నలభై అడుగులు. తర్వాత బిడ్డ దగ్గర ఎన్నేళ్లయినా. వెనక్కి తిరిగి చూశాను. యశోద వంగి, తన బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది. నేను చెప్పులిప్పితే తనూ ఇప్పుతుంది, తొమ్మిదేళ్లప్పటి లాగే.

"తీయకు!" అని అరిచాను. డెక్కంతా వినబడింది. తర్వాత వెర్నాతో చెప్పాను. "అమ్మా, ఆ దినం మీ ముందు నడిసింది నా బయ్యం. మీరు దానికి వీసా ఇచ్చీసారు. నాకు ఇవ్వలేదు. నానిప్పుడొచ్చాను. ఇస్తే ఇయ్యండి, లేపోతే పంపీయండి. వంగడం మట్టుకు అవ్వదు."

పదకొండో అడుగు వేశాను.

అప్పుడు పక్కనుంచి టక్, టక్ అని చప్పుడు. తెరెసా! చేతికర్రతో, కుంటుకుంటూ, జనంలోంచి డెక్కు మీదికి వస్తోంది. ఇంకో ఎర్ర. తర్వాత ఢామ్మని శబ్దం. ఇద్రిస్ బకెట్టు కింద పడేశాడు. పదకొండేళ్ల ఇటుకలు దొర్లిపోయాయి. బరువు లేక ఎడమ పక్కకి ఒరిగిపోతూ, నవ్వుకుంటూ నడుస్తున్నాడు మహానుభావుడు. మా వరండావాళ్లు ఇంకా ఇరవై మంది దాకా దిగారు. ఎర్ర మీద ఎర్ర. నేలకి ఒక్కడూ తెలియడం లేదు. ఆ గంటల మోతకి సముద్రపు పిట్టలు లేచిపోయాయి.

నలభయ్యో అడుగుకి తలుపు దగ్గరికి చేరాను. తెరుచుకోలేదు.

"బయట ఎవరు?" అని లోపల్నుంచి గొంతు.

"గుర్తు తెలియని వ్యక్తి, ఓస్తెన్ గారూ" అంది వెర్నా. "నేల నిరాకరించింది."

"ఆ గంటలు ఆపండి. అతణ్ని మళ్లీ నడవమనండి."

గంటలు ఆపారు. అంతమంది ఉన్నా డెక్కు మీద నీటి చప్పుడే. నాకేం చెయ్యాలో తోచక, ఉన్నచోటే నిలబడి తొక్కాను. మడమ, పాదం. మడమ, పాదం.

లోపల గొళ్లెం తీసిన చప్పుడైంది. చెక్క తలుపు తెరుచుకుంది. తెల్లగడ్డం, చూపు ఎటో ఉన్న ముసలాయన. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో నేను రోజూ వినే కర్ర.

"ఈయన నాకెందుకు తెలియదు?" అన్నాడు. "యాభై రోజులకి పైగా పొద్దున ఐదింటికి నా నెత్తి మీద నడుస్తున్నాడు. ఒక్కరోజు మానలేదు. ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఈ నగరంలో నేను కళ్లు మూసుకుని గుర్తుపట్టగలిగే మనిషి ఎవరైనా ఉంటే, ఈ దుర్మార్గుడే."

డెక్కంతా గొల్లున నవ్వింది. వెర్నా కూడా నవ్వింది, నేను చూశాను.

ఆయన పుస్తకం తెరిచి, వేలితో వరస తడుముకుంటూ రాశాడు. తర్వాత గట్టిగా చదివాడు. "సింహాద్రి. ఏడో అంతస్తు. నడక నాకు తెలుసు. లోపల ఉన్నాడు." అదే ఆయన రాసిన చివరి మాటట. తర్వాత పుస్తకం యశోద చేతిలో పెట్టాడు.

యశోద మొదటి మాట రాసింది. ఎవరికీ చదివి వినిపించలేదు గానీ నేను భుజం మీంచి చూశాను. తెరెసా పేరు, ఇద్రిస్ పేరు, మా వరండావాళ్లందరి పేర్లూ వరసగా. లోపల ఉన్నారు, లోపల ఉన్నారు, లోపల ఉన్నారు. అది రాసి చుక్కాని పట్టుకుంది. నలభై వేల మందీ, నేనూ, దక్షిణానికి తిరిగాం. నా బిడ్డ తిప్పింది!

63వ రోజు

పుస్తకంలో పడ్డాక నేల మాట చెల్లదట, మా ఎర్రలన్నీ కొట్టేశారు, నడక మళ్లీ నమోదు చేసినా వీసా పోదట. అయినా తలుపులకి మేం తెలియాలి కదా. అందుకని వెర్నా యంత్రం పట్టుకుని మా వరండాకే వచ్చింది. కౌంటర్ లేదు, అద్దం లేదు, గీతలు లేవు. తెరెసా కర్రతో నడిచింది, పచ్చ. ఇద్రిస్ ఉత్త చేతులతో నడిచి రెండుసార్లు గోడకి గుద్దుకున్నాడు. అలవాటు తప్పాక వస్తానని వారం గడువు అడిగాడు. బకెట్టులో వాళ్లావిడ టమాటా మొక్క పెట్టింది.

నా వంతు వచ్చింది. చెప్పులేసుకుని వచ్చాను.

"ఎక్కడి నుంచి ఎక్కడికి నడవాల?" అని అడిగాను.

"మీరు ఎక్కడికి బయల్దేరారో అక్కడికి" అంది వెర్నా.

రొట్టె దుకాణానికి బయల్దేరాను. ఆవిడ యంత్రం పట్టుకుని నా వెనకాల దాదాపు పరిగెత్తింది. తలుపు తెరుచుకుంది. ఇద్దరం రొట్టె తిన్నాం. ఉప్పు తక్కువైంది. ఆ మాట వాళ్లకి చెప్పాను కూడా.

64వ రోజు

యశోద రాత్రి చుక్కాని కాపలా ముగించుకొచ్చి పడుకుంది. పొద్దున్నే ఈ చిట్టా ముందేసుకుని, నిన్నటిది చదువుకుంటూ, నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. ఐదు దాటిపోయింది. తొక్కడం మరిచేపోయాను.

కింద నుంచి కర్ర పొడుస్తోంది. టక్. టక్.

వస్తున్నానయ్యా.